రాయీ, నీడా, మనిషీ

ఖిలా వరంగల్లులో కీర్తితోరణాల మధ్య నిలబడి ఒక విద్యార్థి నాతో అన్న మాట ఈ వ్యాసానికి మూలం. "సార్, ఇక్కడికంటే ఫోన్లనే మంచిగ కనపడుతది" అన్నాడతను. తక్కినవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అతను చెప్పినది నిజం. ఎండ నెత్తిమీద వుంది. తోరణం పైభాగాన వున్న హంసలు కంటికి సరిగా ఆనటం లేదు. అతని చేతిలోని ఫోనులో అవే హంసలు వేలితో సాగదీస్తే అరచేయంత అవుతున్నాయి. చూడటమే పనైతే ఇంత దూరం రావటం ఎందుకు? ఇతను అడగకుండా అడిగిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను ఇవాళ ప్రపంచంలోని మ్యూజియంలన్నీ వేసుకుంటున్నాయి. వేసుకుని, తమ తలుపులు కంప్యూటరు తెరమీద తెరుస్తున్నాయి. ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియం తన చిత్రాలను 2012లో ఎవరైనా తీసుకుని ఎలాగైనా వాడుకునేటట్టు ఇంటర్నెట్టులో పెట్టింది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో సుమారు 3,75,000 ఫోటోలను అలాగే వదిలింది. 2020లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 28 లక్షల బొమ్మలతో అదే పని చేసింది. మన దేశంలో కేంద్ర సాంస్కృతిక శాఖ కోసం పుణెలోని సీడాక్ సంస్థ 'జతన్' అనే సాఫ్ట్‌వేరు తయారు చేసింది. మ్యూజియంలోని ఒక్కొక్క వస్తువు ఫోటో, కొలతలు, కాలం, తయారైన పదార్థం వగైరా వివరాలు అందులో ఎక్కిస్తారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఇందులోనూ వుంది, గూగుల్ కంపెనీవారు నడిపే కళా ప్రదర్శనలోనూ వుంది. వరంగల్లులో కూచున్న విద్యార్థి మూసీ ఒడ్డుకు పోకుండానే మేలిముసుగు రెబెకాను చూడవచ్చు.

దీన్ని చూసి ముక్కు విరిచే పెద్దమనుషులు కొందరున్నారు. అసలు శిల్పం ముందు నిలబడితే కలిగే అనుభూతి బొమ్మ చూస్తే కలగదంటారు వాళ్ళు. ఆ అనుభూతి పేరు అడిగితే 'పవిత్రత' అనో, 'దివ్యత్వం' అనో జవాబు వస్తుంది. ఈ వాదాన్ని మనం ముందే పక్కకు నెట్టాలి. వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ మార్క్సిస్టు 1936లో అచ్చయిన వ్యాసంలో, యంత్రాలు కళాఖండాలకు లెక్కలేనన్ని ప్రతులు తీయగలిగినప్పుడు ఏమవుతుందో చర్చించాడు. అసలు వస్తువు చుట్టూ కమ్ముకుని వుండే ఒక విధమైన మహిమ ప్రతిలో ఎగిరిపోతుందని అతను గమనించాడు. అందుకు అతను విలపించలేదు. పూజాపీఠం మీది నుంచి దిగిన కళ జనం చేతికి అందే అవకాశం అందులో చూశాడు. నాజీల నుంచి పారిపోతూ 1940లో స్పెయిన్ సరిహద్దులో ప్రాణం తీసుకున్న మనిషి అతను. మహిమల్ని నమ్మించి జనాన్ని మూకలుగా నడిపించటం ఎంత ప్రమాదమో అతనికి మరొకరు చెప్పనక్కరలేకపోయింది.

మన దేశంలో ఈ మహిమకు మరొక రూపం కూడా వుంది. అది గుమ్మం. గుడి స్తంభం మీది నర్తకిని దగ్గరగా చూడటం తరతరాలుగా కొన్ని కులాల హక్కుగా వుంటూ వచ్చింది. ఆ స్తంభాన్ని చెక్కినవాడి సంతతిలోనే ఎందరో దాన్ని దూరం నుంచి దండం పెట్టుకుని వెళ్ళిపోయారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని అన్ని కులాలకూ హక్కుగా చేసిన చట్టం 1947లోగాని రాలేదు. అంటరానితనం రద్దని రాజ్యాంగం 1950లోగాని శాసించలేదు. చట్టం వచ్చినా గుమ్మం ఎంత మేరకు అరిగిందో మన పల్లెల్లో బతికినవాళ్ళకు తెలుసు. అలాటి చోట ఒక ఫోటో గుమ్మం దాటి బయటికి వచ్చి, ఎవరి కులమూ అడగకుండా అందరికీ కనిపించటం చిన్న సంగతి కాదు. నా విద్యార్థి మాటకు నేను నవ్వకపోవటానికి ఇది మొదటి కారణం.

మరొక కారణం కూడా వుంది. ప్రతి లేని వస్తువు పోతే అది రెండుసార్లు పోయినట్టు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. అప్పుడు అక్కడి విద్యార్థులు, మీరెప్పుడైనా ఆ మ్యూజియంలో ఫోటోలు తీసుకుని వుంటే పంపండని జనాన్ని కోరారు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది. దాని కల్యాణమండపాన్ని మరమ్మతు కోసం విప్పదీస్తే, తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి అయింది. ఏ రాయి ఎక్కడిదో కచ్చితంగా రాసిపెట్టుకున్నవాడే అలాటి పని చేయగలడు. కాబట్టి స్కాను చెయ్యటం, కొలతలు తీసుకోవటం, అందరికీ అందేచోట పెట్టటం, ఇవన్నీ కావలసిన పనులే.

ఇంతవరకు ఆధునికులతో నాకు పేచీ లేదు. పేచీ ఇక్కడి నుంచి మొదలవుతుంది. దూరాన్ని చెరిపివెయ్యటం, అసమానత్వాన్ని చెరిపివెయ్యటం ఒకటేనా? తెర వెనక వున్నవాళ్ళు ఒకటేనని మనల్ని నమ్మమంటున్నారు. నేను నమ్మలేకుండా వున్నాను.

అమరావతి సంగతి చూడండి. కృష్ణ ఒడ్డున వున్న ఆ స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలు మద్రాసుకు పంపాడు. 1859లో వాటిలో కొన్ని ఓడ ఎక్కి లండను చేరాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం సొత్తయాయి. నూటికి పైగా శిల్పాలు ఇవాళ అక్కడ వున్నాయి. వాటి ఫోటోలు ఆ మ్యూజియం వెబ్‌సైటులో వున్నాయి. గుంటూరు జిల్లా కుర్రవాడు వాటిని రాత్రి పన్నెండు గంటలకు కూడా చూడవచ్చు. చాలా బాగుంది. కాని ఆ ఫోటోలకు ఒక షరతు వుంది. వ్యాపారానికి వాడకూడదు. అంటే తెలుగు ప్రచురణకర్త ఒకడు అమరావతి గురించి వెలపెట్టి అమ్మే పుస్తకం వేసి, అందులో ఆ ఫోటో ఒకటి వేసుకోదలిస్తే, లండను నుంచి వేరే అనుమతి తెచ్చుకోవాలి. రాయి వెళ్ళినప్పుడు కృష్ణ ఒడ్డు జనాన్ని ఎవరూ అనుమతి అడగలేదు. రాయి నీడ తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అనుమతి కావాలి!

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. "మీకు కావలసింది చూడటమే కదా, చూస్తూనే వున్నారు, ఇక వస్తువు ఎక్కడ వుంటేనేం?" అనే వాదం ఈ నీడ చాటున మెల్లగా తల ఎత్తుతుంది. ఇది చూపుకు సంబంధించిన వాదం కాదు, ఆస్తికి సంబంధించిన వాదం. బ్రిటిష్ మ్యూజియం తన వస్తువుల్ని ఇచ్చివెయ్యటానికి 1963 నాటి చట్టం దాదాపు వీలు లేకుండా చేసింది. నీడను పంచిపెట్టటం ఆ చట్టానికి ఏ విధంగానూ అడ్డురాదు. ఈ సందర్భంలో ఆంద్రే మాల్రో గుర్తుకు వస్తాడు. ఫోటోల పుణ్యాన ప్రపంచ శిల్పమంతా గోడలు లేని ఒక ఊహా మ్యూజియంగా ప్రతివాడి బల్లమీదికీ వస్తుందని 1947లో పుస్తకం రాసినవాడు ఆయన. 1923లో కంబోడియాలోని బంతే స్రై గుడి శిల్పాలను కోసి తీసుకుపోతూ పట్టుబడినవాడూ ఆయనే. ఈ రెండు పనులూ చేసినవాడు ఒకడే కావటం వట్టి కాకతాళీయమని నేననుకోను. ప్రపంచ కళంతా మనదేనని ఉదారంగా చాటేవాడు, 'మన' అనే మాటలో ఎవరెవరు వున్నారో చెప్పితీరాలి.

2018లో ఫ్రాన్సు అధ్యక్షుడి కోరికమీద ఫెల్విన్ సార్, బెనెదిక్త్ సవోయ్ అనే ఇద్దరు పండితులు, ఆఫ్రికా నుంచి తెచ్చిన వస్తువుల్ని తిరిగి ఇవ్వవలసిందని నివేదిక రాశారు. ఆ వస్తువుల ఫోటోలు అందరికీ ఉచితంగా అందించాలని కూడా అందులో సూచించారు. వెంటనే కొందరు న్యాయశాస్త్రజ్ఞులు ఒక మాట అడిగారు: రాయి తిరిగి ఇవ్వవలసిన వాళ్ళదైతే, ఆ రాయి బొమ్మను ఏం చెయ్యాలో నిర్ణయించవలసింది కూడా వాళ్ళే కాదా? నాకు తెలిసినంతలో ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇదే. దీనిని మరొకచోట మళ్ళీ ఎత్తుకుంటాను.

ఇక దూరం నిజంగా చెరిగిందా అన్నది. 2020లో కరోనా వల్ల ప్రపంచంలోని మ్యూజియంలలో నూటికి 90 మూతపడ్డాయని, ఆఫ్రికాలోను చిన్న ద్వీపదేశాల్లోను నూటికి అయిదు మాత్రమే ఇంటర్నెట్టు ద్వారా ఏదైనా చూపించగలిగాయని యునెస్కో లెక్కకట్టింది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్టు వాడిన పురుషులు నూటికి 57 మంది, స్త్రీలు 33 మంది. ఆ తరువాత ఈ సంఖ్యలు పెరిగే వుంటాయి. కాని వాడటం వేరు, చదువుకోవటం వేరు. జతన్ జాబితాలో నేను చూసినంత మేరకు వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వున్నాయి. గుమ్మం దగ్గర కాపలావాడు లేడు. వాడి స్థానంలో ఒక భాష కూచుంది. అడ్డుకున్నది మనిషైతే కనీసం వాడితో పోట్లాడవచ్చు. భాష అడ్డుకున్నప్పుడు జనం తమకే చేతకాదనుకుని తలవంచుకుని పోతారు. మొదటిదానికంటే రెండోదే క్రూరమైనదని నా అభిప్రాయం.

భాష కూడా మార్చవచ్చు. ఇవాళ యంత్రాలే అనువాదం చేస్తున్నాయి. అప్పుడు మిగిలే ప్రశ్న, ఏమి రాస్తారు అన్నది. మ్యూజియంలో వస్తువు కింద అతికించే చిన్న చీటీ వుంది చూడండి, నా దృష్టిలో మ్యూజియం మొత్తంలో రాజకీయంగా బలమైన వస్తువు అది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతిమీదుగా తెరుచుకుంది. రెబెకాను చెక్కిన బెంజోనీ పేరు మనకు తెలుసు. దాన్ని 1876లో కొన్న మొదటి సాలార్‌జంగ్ పేరు తెలుసు. కొన్న డబ్బు ఎక్కడిది? జాగీరు భూముల్లో చెమటోడ్చిన రైతుది. ఆ రైతుకు చీటీలో చోటు లేదు. వేయి కంప్యూటర్లు ఆ చీటీని వేయిసార్లు ప్రతి తీసినా రైతు అందులోకి రాడు. ప్రతి తియ్యటంలో వున్న న్యాయం అంతే. మూలంలో అన్యాయం వుంటే అది కూడా నమ్మకంగా ప్రతి అవుతుంది.

రామప్ప గుడి సంగతి ఇంతకన్నా విచిత్రం. పాలంపేటలో ఆ గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినట్టు 1213 నాటి శాసనం చెపుతుంది. పని నలభై ఏళ్ళు సాగిందంటారు. రాజుల పేర్లమీద, దేవుళ్ళ పేర్లమీద గుళ్ళున్న దేశంలో జనం ఈ గుడిని రామప్ప గుడి అన్నారు. రామప్ప శిల్పి అని జనశ్రుతి. కాదు, అది రామలింగేశ్వరుడి నుంచి వచ్చిన పేరే అనేవాళ్ళూ వున్నారు. చరిత్రకారులు ఏది తేల్చినా నాకు ముఖ్యమైనది ఇది: చెక్కినవాడి పేరుతో గుడిని పిలుస్తున్నామని ఈ నేలమీద జనం తరతరాలుగా నమ్ముతున్నారు. వాళ్ళ మనసులో కర్త ఎవరో ఆ నమ్మకం చెపుతుంది. 2021 జులై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సమావేశం కూడా, చైనాలోని ఫూచౌ నగరం ఆతిథ్యంలో, కంప్యూటరు తెరలమీదనే జరిగింది. జాబితాకు ఎక్కిన పేరు 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం'. వంశం ముందు వచ్చింది, దేవుడు తరవాత వచ్చాడు, శిల్పి కుండలీకరణంలోకి వెళ్ళాడు. ఇది ఎవరో కుట్ర చేసి చేసినది కాదు. పత్రాలు నింపేవాళ్ళకు వంశం, దేవుడు, కట్టించినవాడు అనే గడులే అలవాటు. శ్రమకు గడి లేదు. కంప్యూటరు మరీ కచ్చితమైన గుమాస్తా. గడి లేనిదాన్ని అది తీసుకోదు.

కుండలీకరణంలోనైనా చోటు దొరకనివి ఇంకా ఎన్నో వున్నాయి. ఈ వరంగల్లులోనే 1934లో ఆజంజాహీ మిల్లు వెలిసింది. దాని సైరను మోతతో నిద్రలేచిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో వున్నాయి. మిల్లు మూతపడింది. యంత్రాలు పోయాయి, నేల చేతులు మారింది. కాకతీయుల రాళ్ళు ఏడు వందల ఏళ్ళు నిలిచాయి. మిల్లు కార్మికుడి హాజరు చీటీ, సమ్మె కరపత్రం, భోజనం డబ్బా డెబ్బయి ఏళ్ళు నిలవలేదు. రాయి గట్టిది, కాగితం మెత్తనిది అని జవాబు చెప్పుకోవచ్చు. కాని వారసత్వం అనే మాటను మనం దేనికి వాడతామో, దాన్నే భద్రపరుస్తాం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటంలో గుత్పలు పట్టినవాళ్ళు, కబుర్లు మోసిన ఆడవాళ్ళు చెప్పగలిగినవి చెప్పి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు మిగిలింది వాళ్ళ మనుమలు విన్న మాటలు. గొంతు దాచుకునే యంత్రం ప్రతివాడి జేబులోనూ వున్న కాలంలోనే ఈ నష్టం జరుగుతోంది. కొరత యంత్రానిది కాదు.

ఇక్కడ నా వాదాన్ని నేనే అడ్డుకోవలసి వుంది. అయితే అన్నిటినీ, అందరివీ తెరమీదికి ఎక్కించటమే ప్రజాస్వామ్యమా? మేడారం వెళ్ళి చూసినవాళ్ళు అంత తేలికగా అవుననలేరు. కరువులో కప్పం కట్టలేమన్న కోయలమీదికి కాకతీయ సేనలు వచ్చాయని, సమ్మక్క సారలమ్మలు పోరాడి ప్రాణాలు విడిచారని అక్కడి గాథ. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో వున్నది కాకతీయుల తోరణం. రెండేళ్ళకొకసారి లక్షల జనం కదిలేది ఆ కాకతీయులను ఎదిరించినవాళ్ళ గద్దెల దగ్గరికి. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే నేలవి. మొదటిది రాతిలో వుంది, రెండోది నోటిలో వుంది. కోయ పూర్వీకుల కథలు డోలు వాయిస్తూ పాడినవారిలో సకిని రామచంద్రయ్య ఒకరు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన మరణించారు. ఆయన పాటలో వున్నది ఆ జాతి చరిత్ర గ్రంథం. దాన్ని రికార్డు చెయ్యాలా? తప్పకుండా చెయ్యాలి. కాని ఆ పాటల్లో కొన్ని ఫలానా సమయంలోనే, ఫలానావాళ్ళ ఎదుటనే పాడేవైతే? వాటిని తీసి, ప్రకటనల మధ్య ఎవరికిబడితే వాళ్ళకు చూపించటం ఉదారమనిపించుకుంటుందా? అది అమరావతి రాళ్ళను ఓడ ఎక్కించటం లాటిదే, ఓడ మాత్రమే మారింది.

ఆస్ట్రేలియాలో వారుముంగు ఆదివాసులు పరిశోధకులతో కలిసి పనిచేసినప్పుడు ఈ చిక్కే వచ్చింది. ఏ బొమ్మ ఎవరు చూడవచ్చునో, ఏది స్త్రీలకు, ఏది పెద్దలకు, ఏది లోకానికి అన్నది తామే నిర్ణయించుకునేటట్టు వాళ్ళు ముకుర్తు అనే పద్ధతిని తయారు చేయించుకున్నారు. అక్కడ యంత్రం వాళ్ళ కట్టుబాటుకు లోబడింది. ఇందులో నాకు ఒక సూత్రం కనిపిస్తున్నది. దోచుకున్నవాడి దగ్గర వున్నదాన్ని తెరవమని అడగటం న్యాయం. దోపిడీకి గురైనవాడు దాచుకున్నదాన్ని తెరవమని బలవంతపెట్టటం అన్యాయం. తెరవటం, మూయటం రెండూ తమంత తాము మంచివీ కావు, చెడ్డవీ కావు. తాళంచెవి ఎవరి చేతిలో వుందన్నదే ప్రశ్న. ఇందాక సార్, సవోయ్‌ల నివేదిక దగ్గర విడిచిన ప్రశ్నకు కూడా జవాబు ఇదేననుకుంటాను. బొమ్మను ఏం చెయ్యాలో చెప్పవలసినవాళ్ళు ఆ రాయి ఎవరిదో వాళ్ళే.

అయితే మ్యూజియం జనాన్ని చేరుకోవటం ఎలాగ? మనకు ఈ విషయంలో సొంత అనుభవం లేకపోలేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ళు, తెలుగు పుస్తకం చదవటమే ఒక సాహసంగా వుండిన కాలంలో ఆ పని చేశారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవ ఎక్కించి కాలవ వెంట ఊరూరా తిప్పాడు. అది ఆనాటి సాంకేతిక సాధనం. కాని పడవ ఒక్కటే ఆ పని చెయ్యలేదు. పుస్తకం ఇచ్చి, మళ్ళీ వచ్చినప్పుడు ఏం చదివావని అడిగే మనిషి పడవలో వున్నాడు. 1943 తరవాత ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. అది పాత రూపం. కథకుడి పక్కన వంతలు నిలబడి ప్రశ్నలు వేస్తారు. జనం అడగదలచినవి వాళ్ళు అడుగుతారు. చెప్పేవాడు, అడిగేవాడు, వినేవాడు ఒకే పందిరి కింద వుంటారు. ఇవాళ్టి డిజిటల్ ప్రదర్శనలో చెప్పేవాడొక్కడే వున్నాడు. వంత లేదు. ఎంతమంది చూశారని లెక్క వుంటుంది, ఎంతమంది ఏమడిగారని లెక్క వుండదు. పైగా అది కంపెనీవారి వేదిక అయినప్పుడు, మనం శిల్పాన్ని చూస్తుంటే అవతల మన చూపును లెక్కపెట్టి సరుకుగా మార్చుకునేవాడు వుంటాడు. చూసేవాణ్ణి చూసేవాడు అక్కడ అసలు ప్రేక్షకుడు.

ఇప్పుడు మళ్ళీ ఖిలాకు వస్తాను. ఆ రోజు ఫోనులో హంసలు చూస్తున్న కుర్రవాడి పక్కన ఒక అమ్మాయి వుంది. ఆ అమ్మాయి పైకి చూడటం లేదు. కింద పడివున్న ఒక రాయి అంచును చూస్తోంది. ఆ అంచున వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి. ఇవేమిటని ఒకరు అడిగారు. నాకు శాసనాల తేదీలు తెలుసుగాని ఆ గుంటల సంగతి తెలియదు. ఆ అమ్మాయి తండ్రి బండలు కొట్టే పని చేస్తాడు. "మా నాయిన చెప్తడు సార్" అని ఫోటో తీసి ఆయనకు పంపింది. అరగంటలో ఆయన మాట ఫోనులోనే వచ్చింది. వరసగా గుంటలు కొట్టి, వాటిలో చీలలు పెట్టి, సమ్మెటతో ఒకదాని తరవాత ఒకటి సమంగా దిగ్గొడితే బండ గీత గీసినట్టు చీలుతుందట. తొందరపడి ఒకటే దిగ్గొడితే పగులు పక్కకు పోయి రాయి పాడవుతుందట. "గా రాయి కొట్టినోడు పనిమంతుడే బిడ్డా, కని గది ఎందుకో నడిమిట్ల ఇడిసిపెట్టిండు" అన్నాడాయన.

అందరం ఆ రాయి చుట్టూ మూగాం. ఎండ మరిచిపోయాం. అంతకుముందు అది తన్నుకుపోయే రాయి. ఇప్పుడు అందులో ఒక మనిషి పని మధ్యలో ఆగి వున్నాడు. అసలు వస్తువులో ప్రతిలో లేనిది ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. అది మహిమ కాదు, బరువు. తెరమీద వేలి ఉంగరం, పదడుగుల రాతి దూలం ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. ఎత్తటానికి ఎన్ని చేతులు కావాలో తెర చెప్పదు. శ్రమను అంచనా కట్టాలంటే బరువు ఎదుట నిలబడాలి. ఇందుకోసం అసలు రాయి దగ్గరికి వెళ్ళమని నేను విద్యార్థులకు చెపుతాను, పవిత్రత కోసం కాదు. కాని ఆ మనిషిని మాకు చూపించినది రాయి ఒక్కటే కాదని కూడా ఒప్పుకోవాలి. ఫోను లేకపోతే ఆ తండ్రి మాట మాకు అందేది కాదు. ఆయన ఏ మ్యూజియానికీ సలహాదారు కాడు. ఆయన చెప్పినది ఎక్కించటానికి ఏ జాబితాలోనూ గడి లేదు. కాని ఆ రోజున మా అందరిలోకీ ఆ రాయి చదవగలిగినవాడు ఆయన ఒక్కడే.

సాధనం అదే. హంసను పెద్దది చేసి చూపి మనల్ని ప్రేక్షకులుగా కూచోబెట్టినదీ అదే ఫోను. బండ కొట్టేవాణ్ణి గురువుగా మా మధ్యకు తెచ్చినదీ అదే ఫోను. మ్యూజియంలు డిజిటల్ సాధనాలు వాడాలా వద్దా అన్నది కాలం దాటిన ప్రశ్న. వాటితో జనానికి చూపిస్తారా, జనం చేత చెప్పిస్తారా అన్నది ఇవాళ్టి ప్రశ్న. రెండోది చెయ్యదలచుకుంటే ఖర్చు పెద్దదేమీ కాదు. చీటీ తెలుగులో రాయాలి. తయారు చేసినవాడికి, మోసినవాడికి, పన్ను కట్టినవాడికి అందులో గడి వుండాలి. ప్రజల సొత్తు ఫోటోను పాఠ్యపుస్తకం వేసేవాడు ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా వాడుకోగలగాలి. కోయ పాట తాళంచెవి కోయల చేతిలో వుండాలి. మిల్లు కార్మికుడి గొంతు కాకతీయ శాసనంతో సమానంగా భద్రం కావాలి.

ఇవన్నీ మ్యూజియం అధికారులు తమంత తాము చేస్తారని కూచోనక్కరలేదు. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు. ప్రతివాడి ఊళ్ళోనూ ఒక పాత రాయి వుంది, దాన్ని చదవగల మనిషి ఒకడు వున్నాడు. ఇద్దర్నీ కలపటం మన పని. కుండలీకరణం బయటికి రామప్పను తీసుకురావలసిన బాధ్యత యునెస్కోది కాదు. అతన్ని ఇన్ని తరాలుగా పేరుపెట్టి పిలుస్తూ వచ్చింది ఈ జనమే.